చల్లటి సముద్రపు గట్టున పండిన పలచటి ఎర్ర వైన్: బరంపురం ఇంటికి ఏది తెచ్చుకోవాలి?

మెల్‌బోర్న్‌లో ఉండే మా మేనల్లుడు సంక్రాంతికి బరంపురం వచ్చే ముందు ప్రతిసారీ ఒక ఫోన్ చేస్తాడు. "మావయ్యా, పెట్టెలో రెండు బాటిళ్ళకి చోటుంది. ఏవి తెమ్మంటావు?" రెండే ఎందుకంటే, విదేశం నుంచి విమానంలో దిగే పెద్దవాళ్ళు ఒక్కొక్కరు సుంకం కట్టకుండా 2 లీటర్ల మద్యం వరకే తెచ్చుకోవచ్చు. మామూలు వైన్ బాటిల్ 750 మిల్లీలీటర్లు. రెండు పడతాయి, మూడోది పట్టదు.

మొదటిసారి "నీకు నచ్చింది తే రా" అన్నాను. అక్కడ అందరూ మెచ్చుకునే షిరాజ్ అనే చిక్కటి ఎర్ర వైన్ తెచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో చిలికా పీతల ఇగురు. ఒక ముద్ద తిని ఒక గుక్క వేసేసరికి నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టయింది. వైన్‌లో లోపం లేదు, పీతల్లోనూ లేదు. ఒకదానికొకటి పొసగలేదు, అంతే. మరుసటి ఏడు వాడుండే ఊరికి గంట దూరంలో, సముద్రపు గాలి తగిలే కొండ మీద పండిన పలచటి ఎర్ర వైన్ తెచ్చాడు. ఆ మధ్యాహ్నం పండుగప్ప పులుసు. అన్నం గిన్నె అడుగంటాక కూడా ఎవరూ పీట మీద నుంచి లేవలేదు. మా అప్ప వైన్ ముట్టదు. వాసన మాత్రం చూసి "దానిమ్మ గింజలు నలిపినట్టుంది" అంది.

అప్పటి నుంచి ఈ ఒక్క రకం మీదే మనసు పెట్టాను. బరంపురం, గోపాలపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్ళలో పిల్లలు మెల్‌బోర్న్‌లోనో, కాలిఫోర్నియాలోనో, ఆక్లాండ్‌లోనో ఉన్నవాళ్ళు చాలామంది. వాళ్ళు తెచ్చేటప్పుడు ఏది తెమ్మనాలి, మనమే కొనుక్కుంటే ఏది కొనాలి అన్నదే ఇక్కడి విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దేశం పేరూ ధరా తర్వాత చూడొచ్చు. ముందు చూడాల్సింది ఆ ద్రాక్షతోటకి చల్లటి సముద్రం ఎంత దగ్గర, సీసా మీద ఆల్కహాల్ శాతం ఎంత అన్నవి. ఇంటికి వచ్చాక చల్లబరిచి తాగాలి. మన తిండికీ మన ఎండకీ సరిపడే ఎర్ర వైన్ అదొక్కటే అని నా నమ్మకం.

సముద్రం పక్కన చల్లగా ఉండడమేమిటి?

మే నెలలో గోపాలపురం ఇసుక మీద నిలబడ్డవాళ్ళెవరికైనా ఈ సందేహం వస్తుంది. మన బంగాళాఖాతం పైనీరు ఏడాదిలో చాలా నెలలు 28, 30 డిగ్రీల మధ్య ఉంటుంది. అంత వెచ్చటి నీటి మీద నుంచి వచ్చే గాలి ఉక్కపోత తెస్తుంది గానీ చల్లదనం తేదు. చిలీ తీరం, కాలిఫోర్నియా తీరం అలా కాదు. చిలీ పక్కన అంటార్కిటికా వైపు నుంచి హంబోల్ట్ ప్రవాహం పైకి వస్తుంది. కాలిఫోర్నియా పక్కన ఉత్తరం నుంచి ఇంకో చల్లటి ప్రవాహం దిగుతుంది. పైగా గాలి పైనీటిని తీరం నుంచి పక్కకి నెట్టేస్తే, లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. నడి వేసవిలో కూడా అక్కడి నీరు 15 డిగ్రీల చుట్టుపక్కలే. పగలు లోపలి నేల వేడెక్కి గాలి పైకి లేచేసరికి ఆ ఖాళీలోకి సముద్రం మీది పొగమంచు పొరలు పొరలుగా చొరబడుతుంది. ద్రాక్షతోటలు ఉదయం పది, పదకొండు దాకా ఆ మంచులోనే ఉంటాయి.

కాయకి దీనివల్ల ఏమవుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. మామిడికాయ మాగేకొద్దీ పులుపు పోయి తీపి వస్తుంది కదా, ద్రాక్షా అంతే. ఎండ ముదిరితే పులుపు తొందరగా హరించుకుపోయి, చక్కెర తొందరగా పేరుకుంటుంది. ఆ చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది. చల్లటి చోట కాయ నెమ్మదిగా పండుతుంది కాబట్టి పులుపు నిలుస్తుంది, చక్కెర మితంగా ఉంటుంది, వాసన పట్టడానికి కావలసినంత సమయం దొరుకుతుంది.

చోటుని బట్టి వాసన మారుతుందన్నది గంజాం వాళ్ళకి అందరికంటే బాగా తెలుసు. మొగలిపొద ఎక్కడైనా మొలుస్తుంది. ఛత్రపురం, చికిటి వైపు మన తీరంలో పూసే మొగలి పువ్వుకే ఆ పేరు, ఆ గిరాకీ. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వైన్ వాళ్ళు తోట పేరు, కొండ పేరు, లోయ పేరు పట్టుకుని అంత పట్టింపుగా మాట్లాడడం కూడా ఇలాంటిదే.

ఈ చల్లటి గట్ల మీద ఎర్ర వైన్ కోసం ఎక్కువగా వేసే ద్రాక్ష పినో న్వార్. సీసా మీద అక్షరాలు కూడబలుక్కుని చదివితే "నోయిర్" అనిపిస్తుంది, పలికేది న్వార్ అనే. దీని పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బర్గండీ. అది సముద్రానికి దూరం, ధరలు ఆకాశంలో. కాబట్టి దాన్ని పక్కన పెడదాం. ఈ ద్రాక్ష తొక్క పలచన. రంగూ వగరూ తొక్కలోంచే వస్తాయి కాబట్టి వైన్ రంగు కూడా పలచనే, గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు కనబడతాయి. రంగు తక్కువ ఉందని నాసిరకం అనుకోవద్దు. నీళ్ళు కలిపారేమోనని మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన అనుమానపడ్డాడు కూడా.

వగరు, పులుపు, కారం

వైన్ మాటల్లో టానిన్ అనేదానికి మనకి చక్కటి మాట ఉంది, వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక ముడుచుకుపోతుంది చూడండి, అది. బాగా మరిగిన టీ డికాషన్‌లో ఉండేదీ అదే. చిక్కటి ఎర్ర వైన్లలో వగరూ ఆల్కహాలూ రెండూ ఎక్కువ. ఆ రెండూ మిరపకారాన్ని రెచ్చగొడతాయి. మన కూరలో కారం ఎలాగూ ఉంటుంది. దాని మీద 14.5 శాతం వైన్ పోస్తే నోరు మండిపోతుంది, కూర రుచీ తెలియదు, వైన్ రుచీ తెలియదు.

పులుపు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. చింతపండు పులుసు పక్కన పులుపు తక్కువున్న వైన్ పెడితే అది చప్పగా, చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. కూరకి దీటుగా వైన్‌లో కూడా పులుపు ఉండాలి. చల్లటి గట్టు వైన్‌లో ఉండేది అదే. అందుకే చేపల పులుసుకీ దీనికీ జత కుదిరింది.

ఇక ఆ ఇనుప మేకు రుచి. 2009లో జపాన్ పరిశోధకులు ఎండబెట్టిన గుల్లల మాంసాన్ని రకరకాల వైన్లలో నానబెట్టి చూశారు. ఇనుము ఎక్కువున్న వైన్‌లోనే నీచువాసన గట్టిగా వచ్చిందని తేల్చారు. ఇనుము ఎంత ఉందో సీసా మీద రాయరు. అది నేలని బట్టీ, తయారుచేసే పద్ధతిని బట్టీ మారుతుంది. కాబట్టి పలచటిదైతే చాలు ప్రతి చేపతోనూ కలుస్తుందని నేను హామీ ఇవ్వను. మా ఇంట్లో చేపలతో, రొయ్యలతో పలచటివి చాలాసార్లు కలిశాయి, చిక్కటివి దాదాపు ఎప్పుడూ కలవలేదు. ఎండుచేపలతో మాత్రం ఏ ఎర్ర వైనూ వద్దు.

ఏ గట్టుది తెచ్చుకోవాలి?

మొదటిసారి రుచి చూసేవాళ్ళకి నేను చెప్పేది చిలీ. అక్కడి కాసాబ్లాంకా లోయ రాజధాని శాంటియాగోకీ వాల్పరాయిసో రేవుకీ మధ్యలో ఉంటుంది. 1980ల మొదట్లో పాబ్లో మొరాందే అనే వైన్ నిపుణుడు అక్కడ ద్రాక్ష వేసేదాకా ఆ చలిలో ద్రాక్ష పండుతుందని ఎవరూ అనుకోలేదు. దానికి దక్షిణంగా ఉన్న లేయిదా లోయ ఇంకా దగ్గర, చాలా తోటలు పసిఫిక్‌కి 15 కిలోమీటర్ల లోపే. అక్కడ వాన తక్కువ. 1990ల చివర మైపో నది నుంచి పైపు వేసి నీళ్ళు తెచ్చాకే ఆ లోయకి ద్రాక్ష వచ్చింది. లేయిదా పినోలో పులుపు చురుగ్గా ఉంటుంది, చెర్రీ పండు వాసన, కొంచెం పచ్చి ఆకు వాసన, కొన్నిటిలో నాలుక చివర ఉప్పు తగిలినట్టు కూడా ఉంటుంది. ఈ రకంలో చవకగా దొరికేది కూడా ఇదే. చింతపండు వేసిన కూరలకి దీన్ని మించింది నాకు దొరకలేదు.

చిలీ సీసాల మీద చూడాల్సిన మాట ఒకటి ఉంది, "కోస్టా". పదేళ్ళకు పైగా ఆ దేశంలో తోట ఎక్కడుందో చెప్పడానికి మూడు మాటలు వాడుతున్నారు. సముద్రం వైపుదైతే కోస్టా, రెండు కొండల వరసల మధ్యదైతే ఎంత్రే కోర్దియేరాస్, పెద్ద కొండల వైపుదైతే ఆండెస్. అందరూ రాయరు, రాసి ఉంటే మాత్రం మన పని సులువు. ఏ లోయ పేరూ లేకుండా ఒట్టి "సెంట్రల్ వ్యాలీ" అని ఉన్న పినో లోపలి వేడి నేలది, దాన్ని వదిలేయండి. చిలీలో సీసా మీద ఒక ద్రాక్ష పేరు వేయాలంటే అది 75 శాతం ఉంటే చాలు. మిగతా పావు వంతు రంగు కోసం వేరేది కలపొచ్చు. బాగా చవకైన పినో మరీ నల్లగా ఉంటే అనుమానించాల్సింది అందుకే.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం మా మేనల్లుడు తెచ్చే మార్నింగ్టన్ ద్వీపకల్పం వైన్. మెల్‌బోర్న్ నుంచి దక్షిణంగా గంట ప్రయాణం. ఒక పక్క పోర్ట్ ఫిలిప్ అఖాతం, ఇంకో పక్క బాస్ జలసంధి, మధ్యలో బొటనవేలులా చొచ్చుకుపోయిన నేల. దాదాపు ఏ వైపు నుంచి గాలి వీచినా సముద్రం మీద నుంచే రావాలి. వ్యాపారానికి తోటలు 1970ల మధ్యలో మొదలయ్యాయి. ఇప్పుడు అక్కడి తోటల్లో దాదాపు సగం పినో న్వారే. ఇంత చిన్న చోటులో కూడా తేడా ఉంది. రెడ్ హిల్, మెయిన్ రిడ్జ్ వైపు ఎత్తు ఎక్కువ, నేల ఎర్రమట్టి, చలి ఎక్కువ. అక్కడి వైన్ పలచగా, పూల వాసనతో ఉంటుంది. కింద మూరూడక్ వైపు కొంచెం వెచ్చన కాబట్టి వైన్ నిండుగా ఉంటుంది. చేపలకైతే కొండ మీదది, కోడికూరకైతే కింద పండింది. ధర ఎక్కువే, మంచివి చాలావరకు 40 ఆస్ట్రేలియా డాలర్ల పైమాటే. కానీ ఆ వాసన కోసం ఏడాదికి ఒక్క సీసా తెప్పించుకోవడం నాకు దండగ అనిపించలేదు. తడి మట్టి, ఎండాకు, పండిన రేగిపండు, వీటి మధ్య ఎక్కడో ఉంటుంది ఆ వాసన. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ముక్కు దగ్గర పెట్టుకుంటాను.

ఇక్కడ కొనుక్కునేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకోటి. విదేశీ వైన్ మీద మన దేశంలో 150 శాతం సుంకం ఉండేది. ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సీసాకి 5 డాలర్ల పైన దిగుమతి ధర ఉన్న ఆస్ట్రేలియా వైన్ మీద సుంకం 100 శాతానికి, 15 డాలర్ల పైన ఉంటే 75 శాతానికి తగ్గింది. పదేళ్ళలో అది 50కి, 25కి దిగుతుంది. ఇవి అమెరికా డాలర్లు. దీని మీద రాష్ట్ర పన్నులు ఎలాగూ ఉంటాయి. అయినా ఖరీదైన సీసాలకే ఎక్కువ తగ్గింపు ఉంది కాబట్టి, మంచి ఆస్ట్రేలియా పినో రాబోయే ఏళ్ళలో మనకి కొంచెం అందుబాటులోకి వస్తుందని ఆశ.

న్యూజిలాండ్ నుంచి వచ్చేవాళ్ళుంటే మార్టిన్‌బరో లేదా మార్ల్‌బరో అని చెప్పండి. సెంట్రల్ ఒటాగో పేరు ఎక్కువ వినబడుతుంది, వైన్ కూడా గొప్పదే. కానీ అది కొండల మధ్య లోపలి ప్రాంతం, పగలు ఎండ గట్టిగా కాస్తుంది. వైన్ నిండుగా, ఘాటుగా ఉంటుంది. మటన్ వండిన రోజుకి దాచుకోవచ్చు. న్యూజిలాండ్ సీసాలు దాదాపు అన్నీ స్క్రూ మూతవే. అది మనకి లాభం, ఎందుకో కింద చెబుతాను.

దక్షిణాఫ్రికాలో హెర్మానస్ అనే ఊరు ఉంది, గట్టు మీద నిలబడితే తిమింగలాలు కనబడతాయి. ఆ ఊరి వెనక లోయ పేరు హెమెల్-ఎన్-ఆర్డె, అంటే నింగీ నేలా. 1975లో టిమ్ హామిల్టన్ రస్సెల్ అక్కడ భూమి కొని, ఆ దేశంలో సముద్రానికి దగ్గరగా చల్లటి చోట పినో వేసి చూపించాడు. ఈ వైన్‌లో లేయిదా కంటే మట్టి వాసన, వగరు కాస్త ఎక్కువ. మన దగ్గర దొరకడం అరుదు. దొరికితే నాటుకోడికి బాగుంటుంది.

కాలిఫోర్నియా దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మన పిల్లలు ఎక్కువమంది ఉన్నది అక్కడే, తెచ్చేది కూడా ఎక్కువగా అక్కడి నుంచే. సీసా మీద "సోనోమా కోస్ట్" అని ఉంటే సముద్రం ఒడ్డు అనుకుంటాం. ఆ పేరుతో 1987లో గీసిన హద్దు చాలా పెద్దది, లోపలి వెచ్చటి నేలలు కూడా అందులోకి వస్తాయి. నిజంగా ఒడ్డున ఉన్న తోటల వాళ్ళు చాలా ఏళ్ళు పట్టుబట్టి 2022లో "వెస్ట్ సోనోమా కోస్ట్" అని వేరే పేరు తెచ్చుకున్నారు. ఆ పేరు ఉంటే తీసుకోండి. ఉత్తరాన ఆండర్సన్ వ్యాలీ కూడా బాగుంటుంది. దక్షిణాన శాంటా రీటా హిల్స్‌కి ఒక ప్రత్యేకత ఉంది. ఆ తీరంలో కొండలన్నీ ఉత్తర దక్షిణాలుగా ఉంటే, అక్కడివి మాత్రం తూర్పు పడమరలుగా ఉంటాయి. దాంతో సముద్రపు మంచు ఆ సందులోంచి నేరుగా లోపలికి దూరిపోతుంది. ఇంత చల్లగా ఉన్నా అక్కడి చాలామంది కాయని బాగా పండనిచ్చి కోస్తారు. 14 శాతం దాటిన పినోలు అక్కడ మామూలే. కాబట్టి కాలిఫోర్నియా సీసా అయితే ఊరు పేరు కంటే ముందు శాతం చూడమని మీ అబ్బాయికో అమ్మాయికో చెప్పండి. 13.5 లోపు ఉంటేనే బుట్టలో వేయమనండి. అక్కడి చట్టం సీసా మీద రాసిన అంకెకీ లోపలున్నదానికీ మధ్య శాతం, శాతమున్నర తేడాని ఒప్పుకుంటుంది. అందుకే 13 ఉన్నదైతే ఇంకా నిశ్చింత.

పినో కాకుండా ఇంకేవైనా ఉన్నాయా అంటే ఉన్నాయి. చిలీలోనే దక్షిణాన ఇటాటా లోయలో పాత తీగల సిన్సో అనే ద్రాక్ష ఉంది, పలచగా సరదాగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బోజొలేలో పండే గమే అనే ద్రాక్ష సముద్రం దగ్గరది కాకపోయినా స్వభావం ఇదే. ఎక్కువ ఊళ్ళలో దొరికే అవకాశం దానికే ఉంది.

మన దేశపు వైన్ల సంగతి నిజాయితీగా చెప్పాలి. మహారాష్ట్రలోని నాసిక్, అక్లూజ్ తోటలు సముద్రం గట్టువి కావు, అక్కడి ద్రాక్ష చలికాలంలో పెరిగి జనవరి నుంచి మార్చి మధ్య కోతకొస్తుంది. చల్లటి గట్టు పినో రుచి వాటిలో వెతకొద్దు. చిక్కటి కాబెర్నే, షిరాజ్‌ల పక్కన పెట్టి చూస్తే ఫ్రతెల్లి కంపెనీ వాళ్ళ సాంజోవేసే, సులా కంపెనీ వాళ్ళ జిన్‌ఫాండెల్ ఎర్ర వైన్ కొంచెం తేలిక. ఇవాళ సాయంత్రానికే కావాలంటే వాటిలో ఒకటి తెచ్చి బాగా చల్లబరచండి. నేనూ అదే చేస్తాను.

మన ఎండలో వైన్ బతకాలంటే

ఇది అన్నిటికంటే ముఖ్యం అనుకుంటాను. ఎంత మంచి సీసా కొన్నా ఇక్కడ పొరపాటు చేస్తే డబ్బు బూడిదలో పోసినట్టే.

ఒక మే నెలలో ఒక షాపులో ఖరీదైన పినో ఒకటి కనబడింది. అద్దం వెనక, ఎండ పడేచోట నిలబెట్టి ఉంది. ఇంత అరుదైనది మళ్ళీ దొరకదేమోనని కొనేశాను. ఇంటికి తెచ్చి తెరిస్తే చెర్రీ వాసన పోయి, ఉడికించిన ఎండుద్రాక్ష వాసన వచ్చింది. రంగు అంచుల్లో గోధుమకి తిరిగింది. తెరవకముందే గుర్తుపట్టి ఉండాల్సింది. బిరడా సీసా మూతి కంటే కాస్త పైకి లేచి ఉంది, కాగితం కింద జిగురుగా ఒక చార ఉంది. లోపల వేడికి వైన్ ఉబ్బి బయటకి కారిందన్నమాట. పలచటి వైన్‌కి దాచుకోవడానికి వగరు బలం ఉండదు, ఎండదెబ్బ దీనికే ముందు తగులుతుంది. అందుకే ఇప్పుడు మార్చి నుంచి జూన్ దాకా షాపులో కొనను. కొన్నా, లోపల ఏసీ గదిలో ఉంచినదే అడుగుతాను, బిరడా చేత్తో తడిమి చూస్తాను, మెడలో వైన్ మట్టం పక్క సీసాలతో పోల్చుకుంటాను. స్క్రూ మూత ఉంటే బిరడా ఎండిపోవడం, చెడు వాసన పట్టడం అనే బెడద ఉండదు. వేడి మాత్రం దానికీ శత్రువే.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి? వంటింట్లో వద్దు, ఫ్రిజ్ పైన అస్సలు వద్దు, అక్కడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. డిసెంబరు, జనవరి అయితే లోపలి గదిలో బీరువా అడుగున కొన్ని వారాలు పరవాలేదు. తర్వాత నెలలైతే ఫ్రిజ్ అడుగు అరలో పెట్టేయండి. ఏళ్ళ తరబడి దాచే ఆలోచన పెట్టుకోవద్దు, ఈ వైన్లు కోత అయిన మూడు నాలుగేళ్ళలో తాగడానికే బాగుంటాయి. సీసా మీది సంవత్సరం చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. చిలీ, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలో కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య, కాలిఫోర్నియాలో ఆగస్టు తర్వాత. ఒకే సంవత్సరం వేసి ఉన్నా చిలీది ఆరు నెలలు పెద్దది.

ఎర్ర వైన్ గది వేడిలోనే తాగాలని చాలామంది అంటారు. ఆ మాట పుట్టిన దేశాల్లో గది 18 డిగ్రీలు ఉంటుంది. బరంపురంలో గది 32. పలచటి ఎర్ర వైన్‌కి 12 నుంచి 14 డిగ్రీలు సరి. భోజనానికి రెండు గంటల ముందు ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించే ముందు పది నిమిషాలు బయట ఉంచండి. గ్లాసులో కొంచెం కొంచెమే పోసుకోండి, మన ఉక్కకి అది చూస్తుండగానే వేడెక్కుతుంది. కరెంటు పోతే స్టీలు బకెట్‌లో ఐసుతో పాటు నీళ్ళు కూడా పోసి, గుప్పెడు ఉప్పు వేసి సీసా ముంచండి. పావుగంటలో చల్లబడుతుంది. ఐసు ముక్కలు గ్లాసులో వేయవద్దు, పలచటిది ఇంకా పలచనైపోతుంది. పొట్ట పెద్దగా, మూతి కొంచెం చిన్నగా ఉన్న గాజుగ్లాసు ఉంటే వాసన నిలుస్తుంది. మిగిలినది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటుంది.

ఇక తాగే కొలత. వైన్ అంటే రసం లాంటిదని అనుకునేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. లెక్క చూడండి. 12.5 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో ఆల్కహాల్ దాదాపు 15 గ్రాములు. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాములు. అంటే ఒక గ్లాసు వైన్ ఒకటిన్నర పెగ్గుతో సమానం. ఎర్ర వైన్ గుండెకి మంచిదని మందులా తాగే పెద్దవాళ్ళకి ప్రేమగా చెబుతున్నాను, ఆ కారణంతో మొదలుపెట్టవద్దు. ఆరోగ్యానికి హాని లేని ఆల్కహాల్ మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. షుగరుకో బీపీకో మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడగాలి. గర్భిణులకి వద్దే వద్దు. ఒడిశాలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకి చట్టమే ఒప్పుకోదు. తాగినవాళ్ళు బండి తీయకూడదు. ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లే కదా అని సీసాలు సంచిలో వేసుకుని హద్దు దాటే ముందు రెండు రాష్ట్రాల ఎక్సైజ్ నియమాలూ చూసుకోండి, అవి వేరువేరు.

ఏ కూరకి ఏది

పండుగప్ప, వంజరం పులుసు వండితే లేయిదా. చిలికా రొయ్యల ఇగురుకి, పీతలకి రెడ్ హిల్ వైపు మార్నింగ్టన్, కారం కాస్త తగ్గించి వండితే ఇంకా మంచిది. వంకాయ ఉల్లికారానికి, పుట్టగొడుగుల కూరకి దక్షిణాఫ్రికాది. ఈ జత మా ఇంట్లో శాకాహారం తినే అప్పకొడుకు కనిపెట్టాడు. మటన్‌కి సెంట్రల్ ఒటాగో, అదీ మసాలా మితంగా ఉంటే. బరంపురం ఆవకాయ నంజుకునే భోజనానికి ఏ వైనూ వద్దు. ఆ ఉప్పూ నూనే ఆవఘాటూ ముందు ఏదీ నిలబడదు, ఆ పూట మజ్జిగే సరి. అప్పడాలు మాత్రం దేనితోనైనా బాగుంటాయి, ఉప్పు తగిలితే వైన్‌లో వగరు మెత్తబడుతుంది.

ఈసారి మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు కాగితం మీద రాసుకున్నది చదివి వినిపించాను. "ఒకటి మెయిన్ రిడ్జ్ వైపుది, 13 శాతం దాటకూడదు, స్క్రూ మూత. రెండోది అక్కడి షాపులో న్యూజిలాండ్ మార్టిన్‌బరోది దొరికితే తే, లేకపోతే మూరూడక్‌ది తే. రెండూ చెకిన్ పెట్టెలో, నీ చొక్కాల మధ్య చుట్టి పెట్టు. భువనేశ్వర్‌లో దిగాక కారు డిక్కీలో వేయకు, నీ కాళ్ళ దగ్గర పెట్టుకో." వాడు అంతా విని, "మావయ్యా, పండుగప్ప చెప్పి ఉంచావా?" అన్నాడు. గోపాలపురంలో మాకు చేపలు పోసే ఆవిడకి ఆ పొద్దున్నే చెప్పి వచ్చాను.